బావ చెప్పిన కథలు

బావ పోయి ఆరు నెలలైంది. కూతురి కోసం ఆయన రికార్డు చేసిన కథలన్నీ పాత ల్యాప్‌టాప్‌లోనే ఉండిపోయాయి. దాని హార్డ్ డిస్కేమో టిక్కుటిక్కుమంటూ కొన ఊపిరితో ఉంది. అక్క కళ్లనీళ్లు పెట్టుకుని దాన్ని చెల్లెలి చేతిలో పెట్టింది. చెల్లెలికి కంప్యూటర్లు బాగుచేసే షాపుంది.

ఆ రాత్రి ఆమె షట్టర్ సగం దించి ఒంటరిగా పనికి కూర్చుంది. స్క్రూలు విప్పి, పాత డిస్కు తీసి బల్లమీద పెట్టింది. కొత్తది బిగిస్తుంటే బల్లమీది పాత డిస్కు మళ్లీ టిక్కుమంది. ఏ వైరూ తగిలించని ఆ డిస్కుమీద వేలు పెట్టి చూసింది. లోపల గిర్రున తిరుగుతోంది.

అంతలో అక్క ఫోన్ చేసింది.

"కథలు అప్పుడే పంపేశావా?"

"లేదక్కా. ఇంకా ఒక్కటి కూడా కాపీ చెయ్యలేదు."

"అదేంటే, పాప గదిలో మీ బావ గొంతు వినిపిస్తోంది. ఇవాళ అది బడిలో మెట్ల మీంచి జారింది చూడు, ఆ సంగతే కథగా..."

అక్క మాట అక్కడే ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలో, పక్క గదిలోంచి పాప ఊఁ కొట్టడం ఫోన్‌లో స్పష్టంగా వినిపించింది.