రెండు పీతలు

సరిగ్గా నలభై ఎనిమిది వేల మూడు వందల పది దగ్గర మెకానిక్ చచ్చిపోవాలి. ఒక్క పీతను ఎక్కువ కాల్చినా లాభం లేదు, తక్కువ కాల్చినా లాభం లేదు.

పొద్దున కరెంటు పోయి వచ్చింది. వదిన ఫోన్ చేసింది. లిఫ్టులు బాగుచేసే మెకానిక్ పని సగంలో వదిలేసి, పనిముట్ల సంచీ భుజాన వేసుకుని వచ్చేశాడు.

వదిన ఇంటి ముందుగదిలో ఒకప్పుడు అన్న వీడియో గేముల పార్లరు నడిపాడు. ఆరు మిషన్లు ఉండేవి. అన్న పోయాక ఐదింటిని అమ్మేశారు. ఆరోది తొమ్మిదేళ్ళుగా అదే మూల వెలుగుతూ ఉంది. పైనుంచి పీతలు దిగుతుంటాయి, కింద పడవలోంచి వాటిని కాల్చాలి. అంతే ఆట. పాతకాలపు సరుకు కాబట్టి దానికి జ్ఞాపకశక్తి లేదు. ఇంట్లో ఇన్వర్టరు ఉంది గానీ, అది కూడా ఆగిపోయేంతసేపు కరెంటు పోయిందా, అప్పటిదాకా ఆడినవాళ్ళ స్కోర్లన్నీ గోవిందా.

అన్న పోయిన రోజు సాయంత్రం మెకానిక్ ఆ మిషన్ ముందు నిలబడ్డాడు. మొదటి స్థానంలో కొత్త అంకె కనిపించింది. 48,310. పక్కన మూడక్షరాలు. మిషన్ మూడక్షరాలకే చోటిస్తుంది గనక ఆ ఇంట్లో పేరు బదులు ఇంటిపేరు కొట్టడం అలవాటు. అంతకుముందు అన్న ముప్పై వేలు దాటినట్టు ఎవరికీ గుర్తులేదు. ఆ పొద్దున మాత్రం చెయ్యి తిరిగిందన్నమాట. మధ్యాహ్నానికి మనిషే లేడు.

"ఇది అన్నయ్య ఆఖరి ఆట, వదినా," అని మెకానిక్ వెక్కి వెక్కి ఏడ్చాడు. వదిన ఏదో అనబోయి ఊరుకుంది.

నాలుగు నెలల తర్వాత మొదటిసారి అలా కరెంటు పోయింది. అతను వచ్చి చూస్తే తెర మీద అన్నీ సున్నాలే. వదినకి ఈ సంగతి ఎలా చెప్పడం? అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. అంకె ఎక్కడికీ పోలేదనీ, లోపలి చిప్పులోకి జారిందనీ, వెనక తలుపు తీసి మెల్లగా బయటికి లాగాలనీ, ఆ రెండు గంటలూ గదిలోకి ఎవరూ రాకూడదనీ చెప్పాడు. వదిన సరేనని తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది. ఆవిడ చెవిలో పువ్వు పెట్టినందుకు అతనికి సిగ్గేసింది. అయినా స్పీకరు మీద దిండు కట్టి ఆటకి కూర్చున్నాడు.

అప్పటికి అతనికి ఆ ఆట రాదు. రెండు గంటల పనికి మూడు రోజులు పట్టింది. చిప్పు మొండికేసిందన్నాడు. ఆవిడ మూడు రోజులూ భోజనం పెట్టింది.

ఆ తర్వాత పదకొండుసార్లు అలా కరెంటు పోయింది. పదకొండుసార్లూ వదిన ఫోన్ చేసింది, అతను వచ్చాడు, ఆడాడు, సరిగ్గా అదే అంకె దగ్గర చచ్చాడు.

ఆ చావే కష్టం. లెక్క కడితే ఆ అంకె దగ్గర తెర మీద రెండే రెండు పీతలు మిగులుతాయి. అవీ కుంటి నడకవి, కళ్ళు మూసుకుని కొట్టొచ్చు. మరి అన్న ఎందుకు కొట్టలేదు? మెకానిక్‌కి తెలుసు. సరిగ్గా అప్పుడే నొప్పి వచ్చింది. చెయ్యి హ్యాండిల్ వదిలేసి గుండె మీదకి పోయింది. అందుకే అతనూ అక్కడికి రాగానే హ్యాండిల్ వదిలేస్తాడు. రెండు పీతలూ దిగివచ్చి పడవని ముంచుతుంటే చూస్తూ కూర్చుంటాడు. ప్రతిసారీ కళ్ళు తుడుచుకున్నాకే వదినని పిలుస్తాడు.

ఇవాళ మాత్రం చెయ్యి మాట వినడం లేదు. యాభై తొమ్మిదేళ్ళు వచ్చాయి, మణికట్టు వాచింది. మొదటి ఆట ఇరవై వేల దగ్గర ముగిసింది. రెండోది ముప్పై. మూడోసారి అక్కడిదాకా వచ్చాక వేలు అదిరి ఒక పీత ఎగిరిపోయింది. 48,320. గెలిచి చెడ్డాడు. ఆ అంకె చెరపడానికి ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టాడు. నాలుగో ఆటలో పది వేలు కూడా రాలేదు.

నాలుగు గంటలు గడిచాయి. తలుపు తెరుచుకుంది.

"చిప్పు ఇవాళ బాగా మొండికేసినట్టుందే," అంది వదిన. టీ పెడుతున్నానని కూడా చెప్పింది.

స్పీకరుకి కట్టిన దిండు ఎదురుగానే ఉంది. ఇక దాచడం అతనికి అనవసరమనిపించింది.

"చిప్పూ లేదు, గిప్పూ లేదు వదినా. అన్నయ్య అంకె ఎప్పుడో పోయింది. ఇన్నాళ్ళూ నేనే ఆడి పెడుతున్నాను. ఇక నా వల్ల కావడం లేదు."

మొదలుపెట్టాక ఆపుకోలేకపోయాడు. రెండు పీతల సంగతి, అన్న చెయ్యి హ్యాండిల్ మీంచి గుండె మీదకి పోయిన సంగతి, తొమ్మిదేళ్ళుగా ఎవరితోనూ అనలేనిదంతా చెప్పేశాడు. తనకి అన్నయ్య గుర్తును నిలబెట్టుకోవడం కూడా చేతకాలేదన్నాడు.

వదిన స్పీకరుకి కట్టిన దిండు విప్పి కుర్చీలో పెట్టింది. అతన్ని స్టూలు మీంచి లెమ్మంది. తను కూర్చుంది. ఆయన వస్తువుని ఒకసారి తాకి చూసుకుంటోంది కాబోలని అతను పక్కకి జరిగాడు. ఆట మొదలైంది. మొదటి వరుస పీతలు సగం దూరం కూడా దిగకుండానే అయిపోయాయి. రెండో వరుసా అంతే.

వదిన తెర మీంచి చూపు తిప్పకుండానే అంది: "పొయ్యి మీద పాలున్నాయి, వెళ్ళి దగ్గర నిలబడు, ఆ రోజు అవి పొంగబట్టే నేను ఆ రెండు పీతల దగ్గర ఆట వదిలేసి పరిగెత్తాను."