ఈ ముక్కు మనదే

వేదిక మీద నాయకుడు ఏడేళ్ల పాపని రెండు చేతులా పైకెత్తాడు.

“చూడండి ఈ ముక్కు! ఇది మన మట్టి ముక్కు. మన రక్తాన్ని పరాయి దేశానికి వదులుకుంటామా?”

“వదులుకోం!” మైదానం హోరెత్తింది.

“అలాగే ఆ పొరుగు దేశం వాళ్లని సరిహద్దు దాకా తరిమి, పురుగుల్లా ఏరేస్తాను!”

మళ్లీ హోరు. ఆయన ఏ ఊళ్లో మాట్లాడినా ఈ రెండే ముక్కలు.

పక్కనే పాప తండ్రి చేతులు జోడించి నిలబడ్డాడు. మొన్నటిదాకా సముద్రం అవతల, భార్య దేశంలో ఓ హోటల్లో వంటవాడు. సెలవులకని చెప్పి కూతుర్ని తీసుకుని సొంత దేశానికి వచ్చేశాడు, మరి వెనక్కి వెళ్లలేదు. ఇప్పుడు పార్టీ అభ్యర్థి. పాప నాయనమ్మ అయితే ఎవరు మైకు పెట్టినా ఒకటే మాట. “అచ్చం మా వంశం పోలికే బాబూ!”

జనం చివర తలకి గుడ్డ చుట్టుకుని పాప తల్లి ఇదంతా చూస్తోంది. ఆమె పళ్ల డాక్టరు. ఈ దేశం కోర్టు, పిల్ల ఈ జాతి సొత్తని తీర్పు చెప్పింది. ఆ సాయంత్రమే నడివీధిలో ఆమె ఫొటో తగలబెట్టారు.

“పైకోర్టుకి వెళ్దామా అమ్మా? ఇంకా చెప్పాల్సింది ఏమన్నా ఉందా?” అని అడిగాడు లాయరు.

“ఉంది. ఇప్పుడు కాదు.”

“మరెప్పుడు?”

“పన్ను బాగా కదలాలండీ. అప్పుడు వేలితోనే ఊడొస్తుంది.”

బస్సుల వెనకా, మేడల మీదా పాప బొమ్మలు లేచాయి. ఓ రోజు భర్త ఫోన్ చేశాడు.

“ఎంత ఏడ్చినా ఇక్కడ నీ మొహం చూసేవాడు లేడు. పోయి ఇంకో పెళ్లి చేసుకో.”

ఆమె ఏడవలేదు. ఆ మాటని రోజూ నమిలింది, మింగలేదు.

పోలింగ్‌కి రెండు రోజులుందనగా నాయకుడి ఇంటికి వెళ్లింది. కాళ్లబేరానికి వచ్చిందనుకుని ఆయన సంబరంగా లోపలికి పిలిపించాడు. ఫొటోలో ఉండాలని భర్తనీ, పాపనీ రప్పించాడు. పక్క గదిలో పాప బొమ్మల సినిమా చూస్తోంది.

“రామ్మా, కూర్చో. ఓటమి ఒప్పుకోవడంలో సిగ్గేముంది?”

“పాపని తీసుకెళ్లడానికొచ్చానండీ. మీరే మీ కారులో విమానాశ్రయంలో దింపాలి.”

నాయకుడు బొజ్జ కదిలేలా నవ్వాడు. “ఏమయ్యా, మీ ఆవిడకి మతి గానీ పోయిందా?”

భర్త నవ్వలేదు. “నువ్వు ఒట్టేశావు” అన్నాడు గొణుగుతున్నట్టు.

“తీసి గట్టున పెట్టాను. నీ ఒట్లన్నీ ఎక్కడ పెట్టావో అక్కడే.”

“ఏం ఒట్టది?” నాయకుడి నవ్వు సగంలో ఆగింది.

“పాపకి ఊహ తెలిసినప్పుడే చెప్పేశాం. తెలియనిది మా అత్తగారికీ, మీకూ, ఈ దేశానికీ.” ఆమె గొంతు పెంచలేదు. “రేపు పొద్దుటికల్లా మేమిద్దరం ఇల్లు చేరాలి. చేరకపోతే మా చెల్లెలు టీవీ వాళ్లకి చెప్పేస్తుంది. చేరితే ఓట్లు పడేదాకా నోరు విప్పను. ఆ తర్వాత సంగతి మాత్రం మాటివ్వలేను.”

భర్త ఆమె కాళ్ల మీద పడబోయాడు. ఆమె కాళ్లు వెనక్కి తీసుకుంది.

“ఏం చెప్తుందట మీ చెల్లెలు?” నాయకుడు అరిచాడు.

“దాన్ని మేం కనలేదనీ, మీరు పురుగుల్లా ఏరేస్తానంటున్న ఆ పొరుగు దేశంలోని అనాథాశ్రమం నుంచి నెలల పిల్లగా తెచ్చుకున్నామనీ.”