గోదాము వెనక తలుపు

మందుల గోదాము వెనక తలుపుకు ఏడాదిగా తాళం లేదు. టీకి వెళ్ళేవాళ్ళు చుట్టూ తిరిగి రాలేక అది మూసుకుపోకుండా ఇటుక అడ్డం పెట్టి పోయేవారు. ఒక్క సీసా మారినా ఎవరి ప్రాణం మీదికి వస్తుందోనని, కొత్తగా చేరిన స్టోర్‌కీపర్ యజమాని వెంటపడి మొదటి రోజే తాళం తెప్పించింది.

రాత్రి అందరూ వెళ్ళిపోయాక ఆమె వరసలన్నీ తిరిగి చూసి, లైట్లు ఆర్పి, వెనక తలుపుకు బయటినుంచి తాళం వేసింది. రెండుసార్లు లాగి చూసింది.

"ఇన్నాళ్ళలో ఒక్క మాత్ర పోలేదమ్మా! మన గోదామంటే దొంగలకి కూడా లోకువే," అని వాచ్‌మన్ తాత నవ్వాడు.

"ఏదీ పోకపోతే ఎవరూ రానట్టేనా తాతా?"

తాత జవాబు చెప్పేలోగా లోపలినుంచి ఎవరో మెల్లగా తలుపు తట్టారు.

ఆమె తలుపుకు చెవి ఆనించింది.

"అక్కా," అంది లోపలి గొంతు, అప్పుడే నిద్ర లేచినట్టు. "ఈ తలుపు రోజూ తీసే ఉంచుతారు కదా?"