మూడు సెంటీమీటర్లు

లెక్కలో మూడు సెంటీమీటర్లు తేడా వచ్చింది.

ఆమె లైబ్రరీ మెట్ల మీద కూర్చుని, కాగితం మోకాలి మీద పెట్టుకుని మళ్ళీ కూడింది. నూటొక్క మీటర్ల నలభై మూడు సెంటీమీటర్లు. రావలసింది నలభై ఆరు.

ఎంత రావాలో కాలేజీలో అందరికీ తెలుసు. సర్వే ప్రాక్టికల్ పరీక్షకి ఏళ్ళ తరబడి ఒకటే ప్రశ్న. గేటు దగ్గరి రాయి ఎత్తు వంద మీటర్లని పేపర్లో ఇస్తారు. అక్కణ్ణించి లెవెల్ యంత్రంతో కొలుచుకుంటూ వచ్చి, లైబ్రరీ వెనక పాతిన రాయి ఎత్తు ఎంతో రాయాలి. నూటొకటీ నలభై ఆరు. సీనియర్లు హాస్టల్ గది తాళంతో పాటు ఆ అంకె కూడా జూనియర్ల చేతిలో పెట్టి వెళ్తారు.

"అయిందా సప్లీ అక్కా?" కింది మెట్టు మీద జూనియర్ అడిగాడు. రెండుసార్లు తప్పి మూడోసారి రాస్తోంది కాబట్టి ఆ పేరు.

"నాకు నలభై మూడు వస్తోందిరా. నీకెంత వచ్చింది?"

"కొలిస్తే కదా రావడానికి. నలభై ఆరు నుంచి వెనక్కి లెక్క కట్టుకుంటూ పోయాను. అందరం అంతే."

"పోయినసారి నేనూ అదే చేశాను. దొరికిపోయాను."

"నువ్వు కూడిక తప్పావు కాబట్టి దొరికావు. దొంగతనానికైనా లెక్కలు రావాలక్కా."

అతను లోపల కాగితం ఇచ్చేసి వెళ్ళిపోయాడు. ఆమె గడియారం చూసుకుంది. ఇంకా యాభై నిమిషాలున్నాయి. కోర్సు గడువు ఈ పరీక్షలతో ఆఖరు. ఇది పోతే పట్టా లేదు. పట్టా చూపిస్తేనే చేర్చుకుంటానని రోడ్ల కాంట్రాక్టరు చెప్పాడు. మూడుని ఆరు చెయ్యడానికి ఒక్క నిమిషం చాలు.

ఆమె లేచి యంత్రం భుజాన వేసుకుంది.

ల్యాబ్ అటెండర్ నీడలో కూర్చుని ఉన్నాడు. పిల్లలందరికీ బాబాయ్. గీతలున్న పొడవాటి కొలత కర్ర, స్టాఫ్, అతని పక్కనే గోడకి ఆనించి ఉంది. అతను దాన్ని రాయి మీద నిలబెడితే, ఆమె దూరం నుంచి యంత్రంలో చూసి అంకె రాసుకోవాలి.

"బాబాయ్, ఇంకోసారి పట్టుకుంటావా?"

"పొద్దుట్నుంచి పట్టుకోమన్నది నువ్వొక్కదానివే. మళ్ళీ రెండోసారా? అసలే మొన్నటి నుంచి నడుం పట్టేసిందమ్మాయ్."

"ఈ ఒక్కసారే."

"అందరూ ఓ అంకె రాసిచ్చి పోయారుగా. నువ్వూ అదే రాసెయ్యకూడదూ?"

"గోడ వంకరొస్తే తూకం గుండుని తిట్టకూడదంటాడు మా నాన్న. తాపీ మేస్త్రీలే. లే బాబాయ్."

అతను నడుం పట్టుకుని లేచాడు.

ఈసారి ఆమె వెనక నుంచి మొదలుపెట్టింది. లైబ్రరీ రాయి నుంచి గేటు దాకా. రాయి చుట్టూ గడ్డి లేదు. పరీక్షల కోసం శుభ్రం చేసి ఉంటారనుకుంది. దారిలో ఐదు చోట్ల యంత్రాన్ని నిలబెట్టాలి. ప్రతిచోటా మరలు తిప్పి గాజు గొట్టంలోని బుడగని గీతల మధ్యకి తేవాలి. మొదటిసారి ఆమె తప్పింది ఈ బుడగ దగ్గరే. కుదరకముందే కుదిరిందనుకుంది. ఇప్పుడు మూడో చోట గాలి లేచింది. బుడగ ఆగే దాకా ఆగింది. స్టాఫ్ కాస్త వాలితే, "బాబాయ్, నిటారుగా" అని కేక వేసింది. అతను ఏదో గొణిగి సరిచేశాడు.

నూటొకటీ నలభై మూడుతో మొదలుపెట్టిన లెక్క గేటు దగ్గర సరిగ్గా వందకి వచ్చి ఆగింది.

పోయినసారి వచ్చిన ఎగ్జామినరే ఈసారీ వచ్చాడు. ఏటా ఆయనే వస్తాడు. ఆమె ఇచ్చిన కాగితం చదివి, కళ్ళజోడు పైనుంచి చూశాడు.

"మళ్ళీ నువ్వేనా?"

"నేనే సార్."

"నలభై మూడని రాశావు. యాభై ఎనిమిది మంది నలభై ఆరని రాశారు."

"తెలుసు సార్."

"తెలిసీ రాశావా?"

"అటునుంచీ ఇటునుంచీ కొలిచాను సార్. రెండుసార్లూ అదే వచ్చింది."

"అంటే యాభై ఎనిమిది మందిదీ తప్పు, నీ ఒక్కదానిదే ఒప్పు."

"వాళ్ళ సంగతి నాకు తెలీదు సార్. నాకు కనబడింది రాశాను."

"ఫెయిల్ చేస్తే?"

"బయటికెళ్ళి మళ్ళీ కొలుస్తాను. అప్పుడూ నలభై మూడే వస్తుంది."

ఆయన ఎర్ర కలంతో ఏదో రాసి కాగితం బోర్లా పెట్టాడు. "వెళ్ళు" అన్నాడు.

బయట అటెండర్ స్టోర్ గదిలోంచి గడ్డపార తీస్తున్నాడు.

"ఏమన్నాడమ్మాయ్?"

"ఏమీ అనలేదు. పోతే పోయింది బాబాయ్. కొలత మాత్రం సరైందే."

"సరైందే."

"నీకెలా తెలుసు?"

అతను గడ్డపార ఆమె చేతికిచ్చి, నడుం నొక్కుకుంటూ లైబ్రరీ వైపు నడిచాడు.

"రా, ఓ చెయ్యి వెయ్యి. ఆ రాయిని మళ్ళీ మూడు సెంటీమీటర్లు పైకి లేపాలి. పోయినసారి నీ పేపరు దిద్దిన రోజే చెప్పాడు ఆ సారు, వచ్చే పరీక్షకి దాన్ని కాస్త దించిపెట్టమని."