టైటానియం టోపీలు

తాను మళ్లీ వచ్చేదాకా బండి మీద ఎవరూ చెయ్యి వేయకూడదని శశిధర్ బాపట్ల నుంచి రెండు రోజుల ముందే కబురు పెట్టాడు.

తెనాలిలో మేనమామ చలపతిరావుకు ఒక షెడ్డుంది. ఇరవై రెండేళ్లుగా అందులో మెకానిక్ మస్తాన్ వలి అద్దెకుంటున్నాడు. అక్కడ బళ్ల వేగం పెంచే తన ‘పెర్ఫార్మెన్స్ స్టూడియో’ పెట్టాలని శశిధర్ పట్టు. ఎటూ తేల్చలేక మేనమామ తన పడుచునాటి మోటార్ సైకిల్ తెచ్చి ఇద్దరి మధ్యా నిలబెట్టాడు.

“దీని మీద అరగంటలో రేపల్లె వెళ్లేవాణ్ణి. మళ్లీ అలా ఉరికించినవాడిదే షెడ్డు.”

శశిధర్‌కు నవ్వొచ్చింది. పోటీ ఎవరితో? కళ్లజోడు కాడకు దారం కట్టుకున్న మనిషితో.

“వాల్వ్ స్ప్రింగ్ మీద టోపీలా కూర్చుని దాన్ని పట్టి ఉంచే బిళ్లనేమంటారో తెలుసా బాబాయ్?”

“రిటైనరండి.”

“మరి ఏ లోహంతో చేసింది వేస్తావ్?”

మస్తాన్ వలి బండి వంక చూశాడు. “ఈ బండికి ఏది వేసినా ఒకటే బాబూ.”

ఒకటేనట. శశిధర్‌కు ఒళ్లు మండింది. అల్యూమినియం తేలికే గానీ రోజూ రోడ్డెక్కితే ఇట్టే అరిగిపోతుంది. స్టీలు గట్టిదే గానీ బరువు. తేలికగానూ గట్టిగానూ ఉండేది టైటానియం. ఈ ముక్క తెలుసుకోవడానికి తాను ఏడాదిపాటు వీడియోలు చూశాడు. ఈయన ఇరవై రెండేళ్లు ఏం చూసినట్టు?

“ముందు విప్పి చూద్దాం బాబూ.”

“తెలియనివాళ్లు విప్పి చూస్తారు బాబాయ్.”

“పెట్రోల్లో ఆయిల్ కలిపి పోసేవాణ్ణి, అది మరవకండి,” అన్నాడు చలపతిరావు. ముసలాయన చాదస్తం. శశిధర్ ఫోన్ తీసి ఆర్డరు పెట్టేశాడు.

వారం తర్వాత కొరియర్లో వచ్చిన డబ్బా పట్టుకుని మళ్లీ తెనాలిలో దిగాడు. పక్క కొట్లవాళ్లు కూడా వచ్చాక మూత తీశాడు. నీలి వెల్వెట్ మీద రెండు టైటానియం రిటైనర్లు మెరిశాయి.

“ఇవి లేకుండా ఈ బండి పరుగెత్తదు మావయ్యా. పరుగెత్తితే షెడ్డు ఈయనకే వదిలేస్తా. ఇప్పుడు విప్పు బాబాయ్.”

మస్తాన్ వలి నాలుగు నట్లు విప్పాడు. ఇంజన్ హెడ్డు ఎత్తి, గుడ్డతో తుడిచి, శశిధర్ చేతిలో పెట్టాడు.

శశిధర్ దాన్ని తిప్పాడు. మళ్లీ తిప్పాడు. స్పార్క్ ప్లగ్గు రంధ్రం తప్ప ఏమీ కనిపించలేదు.

“స్ప్రింగులేవి? ముందే తీసి దాచావా?”

“తీయడానికేమున్నాయి బాబూ, ఇది పెట్రోల్లో ఆయిల్ కలిపి పోసే టూ స్ట్రోక్ బండి, దీనికి పుట్టినప్పటి నుంచీ వాల్వులే లేవు.”