మూడు గంటల తలనొప్పి

గురువమ్మ తలనొప్పి రోజూ మధ్యాహ్నం మూడింటికి వస్తుంది. బరంపురం గేట్ బజార్లో గడియారాలు ఆలస్యమవుతాయేమో గానీ ఆవిడ తలనొప్పి ఆలస్యం కాదు. ఎడమ కణత పోటెత్తుతుంది. ఎడమ కన్ను ఎర్రబడుతుంది. ఆ ఒక్క కంటి నుంచే నీరు ధారకడుతుంది. ఆమె భర్త, పసుపు వ్యాపారి ధర్మలింగం, చూపించని వైద్యుడు లేడు.

గంజాం జిల్లా కొత్త ఒరిస్సా రాష్ట్రంలో కలిసిన మరుసటేడు రామచంద్రరావు అనే కుర్ర డాక్టరు బరంపురంలో ఆస్పత్రి తెరిచాడు. బోర్డు తెలుగులో, ఒడియాలో, ఇంగ్లీషులో రాయించాడు. మూడు భాషల వాళ్లూ శ్రద్ధగా చదివి వెళ్లిపోయారు. రెండు నెలలకు దొరికిన మొదటి పెద్దింటి రోగి గురువమ్మ. ఆవిడకు తగ్గితే బజారంతా వస్తుంది. తగ్గకపోతే బోర్డు దింపుకుని సొంతూరు పలాసకు బండెక్కాల్సిందే.

"మొహంలో ఒక నరం ఉందమ్మా. అది అదిరిందంటే ఆ పక్క రక్తనాళాలు ఉబ్బుతాయి. అందుకే ఆ పక్కే నొప్పి, ఆ కన్నే ఎరుపు" అని చెప్పి, ముక్కులో మందు దూది పెట్టాడు. వారంపాటు రోజూ ఇంటికి వచ్చి మరీ పెట్టాడు.

నెల తర్వాత ధర్మలింగం ఆస్పత్రికి వచ్చాడు.

"ఏటి బాబూ నీ మందు? మూడయ్యేసరికి మేడ గదిలోకెల్లి తలుపేసుకుంతాది. గంట తరవాత సూస్తే కల్లు సింతనిప్పులు! మా కోడలు వాసవీకుమారి పక్కనే కూకుని తల నొక్కుతాది. అత్త బాధ సూల్లేక పాపం ఆ పిల్లా ఏడుస్తాది. ఇంక కటకం పెద్దాస్పత్రికి తీసుకెల్లిపోతాను."

కటకం మాట వినగానే డాక్టరుకు పలాస బండి గుర్తొచ్చింది. మర్నాడు మూడుంపావుకి వెళ్లి మేడ గది తలుపు తట్టాడు. కాసేపటికి గానీ తెరుచుకోలేదు.

తలనొప్పి మనిషికి వెలుతురు పడదు. ఇక్కడ కిటికీ బార్లా తెరిచి ఉంది. గురువమ్మ మంచం మీద ముక్కు చీదుకుంటోంది. రెండు కళ్లూ ఎర్రగా ఉన్నాయి.

నరం ఎడమవైపుది. కుడి కన్నెందుకు ఎర్రబడాలి? డాక్టరు చదివిన పుస్తకాల్లో ఎక్కడా అలా లేదు.

"రెండు కళ్లూనా అమ్మా?"

"రెండూ బాబూ. ఆపుదామన్నా ఆగవు."

"నొప్పి ఎక్కణ్నించి?"

గురువమ్మ కోడలి వైపు చూసింది. "సెప్పలేను బాబూ. గుండెల్లోంచి వస్తాది."

తల ఎత్తుగా పెడదామని డాక్టరు తలగడ సర్దబోయి ఆగిపోయాడు. క్షణం ఆలోచించి దాన్ని ఉన్నచోటే వదిలేసి కిందికి దిగాడు.

"శెట్టిగారూ, తలనొప్పి పోయింది. ఇక రాదు."

"మరా కన్నీల్లు?"

"ఇన్నాళ్లు ఉబ్బిన నాళాలు కదా, లోపలిదంతా బయటికి పోవాలి. రోజూ గంటసేపు పోనివ్వండి. కిటికీ తెరిచే ఉండాలి. ఎవరూ తలుపు తట్టకూడదు. మధ్యలో మాత్రం ఆపకూడదు."

"కోడలు ఉండొచ్చా?"

"ఆవిడ లేకపోతే లాభమే లేదు."

ధర్మలింగం మొహం విప్పారింది. పొద్దుగూకేలోగా బజారంతా చాటేశాడు. మర్నాటికి పురుషోత్తంపూర్ నుంచి కూడా తలలకు గుడ్డలు కట్టుకున్న జనం బళ్లు కట్టించుకుని వచ్చారు. బెంచీలు చాల్లేదు. డాక్టరుకు భోజనం చేసే తీరిక దొరకలేదు, అయినా అతని ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

సరిగ్గా మూడింటికి మేడ గదిలో వాసవీకుమారి గడియ బిగించి, మావగారు ఇంటి గడప తొక్కనివ్వనని ఒట్టేసిన నవలను తలగడ కింద నుంచి తీసి, అక్షరం రాని అత్తగారికి నాయిక జైలుకెళ్లిన చోటి నుంచి చదివి వినిపించడం మొదలుపెట్టింది.