పోలమ్మ అరచేతికి గండి

పోలమ్మ అరచేతిలో ఒక చర్మకణం ఉండేది. దానితో పాటు ఒకే పని చేసే చుట్టాలంతా అక్కడ ఒకరినొకరు గట్టిగా పట్టుకుని బతికేవారు. ఆ అల్లికకే కణజాలమని పేరు. కిందనున్న రక్తనాళంలో ఒక ఎర్రకణం తిరుగుతుండేది.

"నేను గుండె దాకా వెళ్లొస్తాను. నువ్వేమో గోడలో రాయిలా ఇక్కడే పడి ఉంటావు" అని అది వెక్కిరించేది.

"నేను చెయ్యి వదిలితే పక్కవాళ్లు నిలవలేరు" అనేది చర్మకణం.

ఒక పొద్దున గడ్డి కోస్తుంటే కొడవలి జారి పోలమ్మ అరచెయ్యి తెగింది. రక్తనాళానికి గండి పడింది. ఎర్రకణాలు బయటికి కొట్టుకుపోసాగాయి.

"అక్కా, నేనూ పోతున్నాను" అంది ఎర్రకణం.

అంతలో రక్తాన్ని గడ్డకట్టించే చిన్న ఫలకికలు ఒకదానికొకటి అతుక్కుని గండికి అడ్డం పడ్డాయి. ఎర్రకణం లోపలే ఆగిపోయింది. మట్టితో చొరబడిన క్రిములను తెల్లకణాలు మింగేశాయి.

"ఇక మన వంతు" అంది చర్మకణం. పుట్టాక మొదటిసారి అది చోటు కదిలింది. విడిపోయి రెండైంది, నాలుగైంది, చుట్టాలతో కలిసి ముందుకు పాకింది. అటు ఒడ్డునుంచి మరో వరస వస్తోంది. ఎర్రకణం ఎక్కడా ఆగకుండా అందరికీ ప్రాణవాయువు మోసింది. చివరికి రెండు వరసలూ కలుసుకుని చేతులు పట్టుకున్నాయి.

కొన్నాళ్లకు గాయం మీది పక్కు రాలిపోయింది. పోలమ్మ పిడికిలి బిగించి చూసుకుని, హాయిగా గడ్డిమోపు ఎత్తుకుంది.

అప్పుడే కొత్తగా వచ్చిన ఒక రక్తకణం మచ్చను చూసి, "ఇంత గండిని ఎవరు పూడ్చారు?" అని అడిగింది.

"మనమే" అంది ఎర్రకణం.